దూడ పుట్టుకతోనే అవయవాలు స్థానం తప్పితే: గుర్తింపు, తక్షణ చర్యలు, జాగ్రత్తలు

కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల్లో చిన్న రైతు ఇంటికి రోజువారీ ఖర్చుకు డబ్బు తెచ్చేది చాలావరకు గేదె పాలే. వరి డబ్బు ఏడాదికి ఒకసారి వస్తుంది. పాల డబ్బు పది రోజులకో, పదిహేను రోజులకో చేతికి అందుతుంది. అందుకే చూడి గేదె ఈనే రోజు కోసం ఇంటిల్లిపాదీ ఎదురు చూస్తారు. అలాంటి రోజున పేగులు బయట ఉన్న దూడ పుట్టినా, మెడ దగ్గర గుండె కొట్టుకుంటున్న దూడ పుట్టినా ఇల్లంతా కంగారు పడుతుంది. "వింత దూడ పుట్టింది" అని ఊరు ఊరంతా వచ్చి చూస్తుంది. ఫోన్లలో ఫొటోలు తీస్తారు. గ్రహణం పట్టిందని ఒకరు, ఇంటికి కీడని ఇంకొకరు అంటారు. ఈ హడావుడిలో రెండు మూడు గంటలు గడిచిపోతాయి. నిజానికి దూడ బతకాలన్నా, ముఖ్యంగా తల్లి గేదె దక్కాలన్నా ఆ గంటలే కీలకం.

ఇలాంటి దూడలు ఎందుకు పుడతాయి, వాటిలో ఏవి బతుకుతాయి, రైతు వెంటనే ఏం చేయాలి, తర్వాత ఈతకు ఏ జాగ్రత్త తీసుకోవాలి అన్న విషయాలు ఇక్కడ చూద్దాం. మందులు, వాటి మోతాదులు పశువైద్యుడు నిర్ణయించాల్సినవి. కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు.

కడుపులో అవయవాలు ఎప్పుడు కుదురుకుంటాయి?

గేదె చూడి కాలం సుమారు 310 రోజులు, ఆవుది సుమారు 280 రోజులు. దూడ ఎదుగుదల ఎక్కువగా చివరి మూడు నెలల్లో కంటికి కనిపిస్తుంది. కానీ గుండె, పేగులు, కాలేయం, వెన్నెముక వంటి ముఖ్య అవయవాలకు రూపు వచ్చేది మొదటి నెలన్నర లోపే. మొదట పిండం పలుచని రేకులా ఉంటుంది. దాని అంచులు రెండు వైపుల నుంచీ కిందికి ముడుచుకుని, బొడ్డు దగ్గర కలుసుకుంటాయి. అలా ఛాతీ గోడ, పొట్ట గోడ ఏర్పడతాయి. పేగులు పెరిగే వేగానికి పొట్టలో చోటు చాలక కొన్నాళ్లు బొడ్డుతాడులోకి వెళ్తాయి. తర్వాత తిరిగి లోపలికి వచ్చి సర్దుకుంటాయి. గుండె మొదట మెడ భాగంలో మొదలై ఛాతీలోకి దిగుతుంది.

ఈ క్రమంలో ఎక్కడ ఆటంకం వచ్చినా అవయవం ఉండాల్సిన చోట ఉండదు. పొట్ట గోడ మూసుకోకపోతే పేగులు బయట ఉంటాయి. గుండె కిందికి దిగకపోతే మెడలోనే ఉండిపోతుంది.

రైతు గమనించాల్సిన విషయం ఒకటుంది. మనం చూడి పరీక్ష చేయించేది సాధారణంగా రెండు, మూడు నెలలకు. అప్పటికి అవయవాలు ఏర్పడటం పూర్తయి ఉంటుంది. అంటే ఏడో నెలలో వచ్చిన గ్రహణానికీ, ఎనిమిదో నెలలో గేదె భయపడటానికీ ఈ లోపంతో సంబంధం లేదు. జాగ్రత్త పడాల్సింది గేదెను ఎదకు కట్టించే ముందు, కట్టించిన తర్వాత మొదటి నెలన్నరలో.

స్థానం మారినంత మాత్రాన ప్రతిసారీ ప్రాణాపాయం ఉండదు. మనుషుల్లో సుమారు 10 వేల మందిలో ఒకరికి గుండె కుడి వైపు, కాలేయం ఎడమ వైపు ఇలా లోపలి అవయవాలన్నీ అద్దంలో బొమ్మలా తారుమారై ఉంటాయి. వారిలో చాలామంది మామూలుగానే జీవిస్తారు. పశువుల్లోనూ ఇలాంటివి అరుదుగా బయటపడ్డాయి. అవయవం ఏ వైపు ఉందన్నదాని కంటే, దాన్ని కాపాడే గోడ మూసుకుందా, దారి తెరుచుకుని ఉందా అన్నదే దూడ బతుకును నిర్ణయిస్తుంది.

లోపాలు, వాటి గుర్తులు

1. బొడ్డు హెర్నియా: దూడల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. బొడ్డు దగ్గర రంధ్రం పూడక, పేగు గానీ కొవ్వు గానీ చర్మం కిందికి దిగుతుంది. నిమ్మకాయంత నుంచి కొబ్బరికాయంత వరకు మెత్తని ఉబ్బు కనిపిస్తుంది. దూడను వెల్లకిలా పడుకోబెట్టి మెల్లగా నొక్కితే లోపలికి పోతుంది, రంధ్రం అంచు వేలికి తగులుతుంది. ఒకటి రెండు వేళ్లు పట్టే చిన్న రంధ్రం దూడ పెరిగే కొద్దీ పూడిపోవచ్చు. అంతకంటే పెద్దదైతే ఆపరేషన్ అవసరం కావచ్చు. ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, దూడ పాలు మానేసి, నొప్పితో కాళ్లు తన్నుకుంటుంటే పేగు ఇరుక్కుందని అర్థం. అప్పుడు అదే రోజు వైద్యం అందాలి.

బొడ్డు వాపు అంతా హెర్నియా కాదు. ముట్టుకుంటే వేడిగా, నొప్పిగా ఉండి చీము, దుర్వాసన ఉంటే అది బొడ్డు కుళ్లు. దానికి వైద్యం వేరు. హెర్నియా అనుకుని కట్టు కట్టి వదిలేస్తే చీము కీళ్లకు పాకుతుంది. చీము గడ్డ అనుకుని హెర్నియాను బ్లేడుతో కోస్తే పేగు తెగుతుంది. రెండూ ప్రమాదమే. కాబట్టి సొంతంగా కోయడం, కాల్చి వాతలు పెట్టడం చేయవద్దు.

2. పేగులు బయట ఉన్న దూడ: పొట్ట గోడ కొంత భాగం మూసుకోక పేగులు బయటికి వస్తాయి. దూడ ప్రాణంతో, చురుగ్గా ఉంటే, పేగులు చిట్లకుండా, ఎండిపోకుండా ఉంటే కొన్ని గంటల్లో ఆపరేషన్ చేయించి బతికించే అవకాశం కొంత ఉంటుంది. ఆలస్యమయ్యే కొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది.

3. వెన్ను వెనక్కి వంగి, పొట్ట తెరుచుకున్న దూడ: పశువైద్యులు దీన్ని షిస్టోసోమస్ రిఫ్లెక్సస్ అంటారు. దూడ వెన్నెముక విల్లులా వెనక్కి వంగి తల తోక దగ్గరికి వస్తుంది. ఛాతీ, పొట్ట మూసుకోక అవయవాలన్నీ బయట ఉంటాయి. ఈ దూడ బతకదు. ఇక్కడ కాపాడుకోవాల్సింది తల్లిని. దూడ ఆకారం వల్ల ఈత కష్టమవుతుంది. దూడను లోపలే ముక్కలు చేసి తీయడమో, పొట్ట కోసి తీయడమో పశువైద్యుడు నిర్ణయిస్తారు.

4. మెడలో గుండె: ఛాతీలో ఉండాల్సిన గుండె మెడ కింది భాగంలో చర్మం కింద ఉంటుంది. అది కొట్టుకోవడం కంటికి కనిపిస్తుంది. చాలావరకు ఇలాంటి దూడలు ఎక్కువ కాలం బతకవు. ఉన్నన్నాళ్లు మెడకు పలుపు వేయకూడదు, మెడ పట్టుకుని ఎత్తకూడదు, జనాన్ని పిలిచి ముట్టుకోనివ్వకూడదు.

5. మలద్వారం లేని దూడ: ఇది స్థానం తప్పడం కాదు, దారి తెరుచుకోకపోవడం. మొదటి రోజు దూడ బాగానే పాలు తాగుతుంది కాబట్టి ఎవరూ గమనించరు. రెండో రోజుకు పొట్ట ఉబ్బుతుంది. దూడ ముక్కుతుంది గానీ పేడ రాదు. తోక ఎత్తి చూస్తే ద్వారం ఉండాల్సిన చోట చర్మం మాత్రమే ఉంటుంది. పెయ్యదూడల్లో ఒక్కోసారి పేడ మూత్రం వచ్చే దారి నుంచి వస్తుంది. చర్మం మాత్రమే మూసుకుని ఉంటే తిమ్మిరి మందు ఇచ్చి చిన్న ఆపరేషన్‌తో సరిచేయవచ్చు. త్వరగా చూసుకుంటే దక్కే దూడ ఇది.

6. డయాఫ్రం హెర్నియా: ఊపిరితిత్తులున్న గదికీ పొట్టకూ మధ్య ఉండే కండర పొరను డయాఫ్రం అంటారు. అది పుట్టుకతో సరిగా మూసుకోకపోతే పేగులు ఛాతీలోకి చొచ్చుకుపోతాయి. దూడ పుట్టగానే ఊపిరి అందక ఎగరొప్పుతుంది.

పెద్ద గేదెల్లోనూ డయాఫ్రం హెర్నియా వస్తుంది. అయితే అది చాలావరకు పుట్టుకతో వచ్చింది కాదు. మేతలో తీగముక్కో, మేకో మింగితే అది రెండో పొట్టలో చేరి డయాఫ్రాన్ని గుచ్చుతుంది. చూడి బరువు, ఈనేటప్పటి ముక్కుడు తోడై ఆ పొర చిరుగుతుంది. పొట్ట మాటిమాటికీ ఉబ్బడం, మందు పోస్తే తగ్గి మళ్లీ రావడం, పేడ కొద్దికొద్దిగా జిగటగా పడటం దీని గుర్తులు. ఈనిన గేదెకు ఇలా ఉంటే అజీర్తి అని నాటు మందులతో రోజులు గడపకుండా ఎక్స్‌రే ఉన్న పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. గడ్డివాము దగ్గర, మేత తొట్టి దగ్గర ఇనుప తీగలు, మేకులు లేకుండా చూసుకోవాలి.

ఈనేటప్పుడు ఏం చూడాలి?

మామూలు ఈతలో ఉమ్మనీటి సంచి తర్వాత రెండు ముందు కాళ్లు, వాటి మీద ముక్కు కనిపిస్తాయి. ఉమ్మనీటి సంచి పగిలి, గేదె గట్టిగా ముక్కుతున్నా గంట గడిచేసరికి ఏమీ కనిపించకపోతే పశువైద్యుణ్ని పిలవాలి. కాళ్లకు బదులు పేగులు కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

ఆ పేగులు గేదెవి అనుకుని, గర్భసంచి చిరిగిందని రైతులు హడలిపోతారు. అవి లోపల ఉన్న దూడవి కావచ్చు. ఎవరివో తేల్చాల్సింది పశువైద్యుడు. ఆయన వచ్చేలోపు:

* పేగులను లాగవద్దు, కోయవద్దు, లోపలికి తోయవద్దు.
* నలుగురు కలిసి తాడు కట్టి లాగవద్దు. ఇలాంటి దూడను బలవంతంగా లాగితే గర్భసంచి చిరుగుతుంది, తల్లి చనిపోతుంది.
* సూది వేస్తే ఈనుతుందని ఎవరైనా చెప్పినా దారి తెలియకుండా నొప్పుల సూది వేయించవద్దు.
* గేదెను శుభ్రమైన, జారని చోట ఉంచండి. తాగడానికి నీళ్లు ఇవ్వండి.
* ఫోన్‌లో పశువైద్యుడికి కనిపించినది కనిపించినట్టు చెప్పండి. "కాళ్లు లేవు, పేగులు కనిపిస్తున్నాయి" అన్న ఒక్క మాటతో ఆయన కావలసిన సామగ్రితో బయల్దేరగలరు.

దూడ పుట్టాక పేగులు బయట ఉంటే శుభ్రమైన నూలు గుడ్డను మరిగించి చల్లార్చిన ఉప్పు నీళ్లలో తడిపి వాటి మీద కప్పండి. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు, అంటే సుమారు ఒకటిన్నర చిన్న చెంచాలు సరిపోతుంది. గుడ్డ ఆరిపోకుండా తడుపుతూ ఉండండి. పసుపు, బూడిద, కిరోసిన్ వంటివి పూయవద్దు. తల్లిని నాకనివ్వవద్దు. కాకులు, కుక్కలు దగ్గరికి రాకుండా చూడండి. దూడను గోనె మీద పక్కకు పడుకోబెట్టి ఆసుపత్రికి తరలించండి.

ప్రతి దూడకూ ఐదు నిమిషాల పరీక్ష

పుట్టిన దూడ బాగానే ఉన్నట్టు కనిపించినా తల నుంచి తోక వరకు ఒకసారి చూడటం అలవాటు చేసుకోవాలి.

* నోరు తెరిచి అంగిలి చీలి ఉందేమో చూడండి. చీలితే పాలు ముక్కులో నుంచి కారతాయి.
* మెడ, ఛాతీ తడిమి చూడండి.
* బొడ్డు దగ్గర రంధ్రం, ఉబ్బు ఉన్నాయేమో చూడండి. బొడ్డుతాడును శరీరానికి రెండు అంగుళాల దూరంలో శుభ్రమైన దారంతో కట్టి, కింద కత్తిరించి టింక్చర్ అయోడిన్ అద్దండి.
* తోక ఎత్తి మలద్వారం చూడండి. మొదటి రోజే నల్లటి జిగట పేడ పడిందో లేదో గమనించండి.
* గంట, రెండు గంటల్లోపు జున్నుపాలు తాగించండి. మాయ పడేదాకా ఆగవద్దు. రోజుకు దూడ బరువులో పదో వంతు, అంటే 30 కిలోల దూడకు 3 లీటర్లు, రెండు మూడు సార్లుగా ఇవ్వాలి. ఆపరేషన్ అవసరమైన దూడ అయితే ఎప్పుడు, ఎంత తాగించాలో పశువైద్యుణ్ని అడగండి.

ఎందుకిలా జరుగుతుంది?

ఒక్కో దూడ విషయంలో కచ్చితమైన కారణం చెప్పడం చాలాసార్లు సాధ్యం కాదు. అయితే రైతు చేతిలో ఉన్న కారణాలు మూడున్నాయి.

మొదటిది దగ్గరి రక్తసంబంధం. కొన్ని లోపాలు దున్నలో, గేదెలో బయటికి కనిపించకుండా దాగి ఉంటాయి. రెండింటిలోనూ ఒకే లోపం దాగి ఉంటే పుట్టే ప్రతి దూడకు నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది. లోపం దాగిన ఒకే దున్నను ఊళ్లో ఏళ్ల తరబడి వాడితే దానికి పుట్టిన పడ్డల్లో సగానికి ఆ లోపం చేరుతుంది. ఆ పడ్డలను తిరిగి అదే దున్నకు కట్టిస్తే పుట్టే దూడల్లో సగటున 8లో ఒకదానికి లోపం బయటపడే అవకాశం ఉంటుంది. అందుకే ఊరి దున్నను మూడేళ్లకోసారి మార్చాలి. కృత్రిమ గర్భధారణ చేయించినా, తల్లికి వాడిన దున్న వీర్యాన్నే కూతురికి వాడకూడదు. వీర్యపు స్ట్రా మీద దున్న నంబరు ఉంటుంది. దాన్ని, తేదీని, గేదె చెవి పోగు మీది 12 అంకెల నంబరును ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి.

రెండోది మందులు. నట్టల నివారణకు వాడే ఆల్బెండజోల్‌ను చూడి మొదటి 45 రోజుల్లో ఇవ్వకూడదు. పిండం రూపు దిద్దుకునేది అప్పుడే. ఊళ్లో నట్టల మందు వేసే రోజున గేదెను ఎదకు కట్టించిన తేదీ చెప్పండి. చూడి నిలిచిందో లేదో తెలియకపోయినా చెప్పండి. చూడి పశువులకు వాడదగిన మందు పశువైద్యుడు సూచిస్తారు. మిగిలిపోయిన మందులు, పక్కింటివాళ్ల సూదులు వాడవద్దు.

మూడోది మేత. 1933లో అమెరికాలోని టెక్సాస్‌లో ఫ్రెడ్ హేల్ అనే శాస్త్రవేత్త ఒక పందికి విటమిన్ ఎ లేని మేత పెట్టి ఈనిస్తే 11 పిల్లలు కనుగుడ్లు లేకుండా పుట్టాయి. పుట్టుకతో వచ్చే లోపం తల్లి మేత వల్ల కూడా రావచ్చని అప్పుడు తేలింది. తర్వాత ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో విటమిన్ ఎ లోపంతో డయాఫ్రం మూసుకోని పిల్లలు కూడా పుట్టాయి. మన వరిగడ్డిలో ఈ విటమిన్ దాదాపు ఉండదు. అది పచ్చమేత నుంచే రావాలి. కాలవలు కట్టేశాక, ఎండాకాలంలో వట్టి గడ్డి మీదే నెలల తరబడి ఉంచిన గేదెకు ఈ లోపం వస్తుంది. వరి కోతకు ముందు చేలో పిల్లిపెసర గానీ జనుము గానీ చల్లుకోవడం మన డెల్టాలో పెద్దలు పాటించిన పద్ధతి. వరి తర్వాత మినుము, మొక్కజొన్న వేసే రైతులు కనీసం రెండు మూడు సెంట్లలో, గట్ల మీద హైబ్రిడ్ నేపియర్ పెంచుకోవాలి. దీనికి తోడు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపాలి.

ఆ గేదెను అమ్మేయాలా?

ఇలాంటి దూడ పుట్టగానే గేదె కలిసిరాలేదని వచ్చిన ధరకు అమ్మేసే రైతులున్నారు. బేరగాళ్లకు కావలసింది అదే. తొందరపడవద్దు. ఒక్కసారి లోపం ఉన్న దూడ పుట్టినంత మాత్రాన గేదె పనికిరానిది కాదు. మాయ పడి, గర్భసంచి బాగుపడిందని పశువైద్యుడు చెప్పాక, సంబంధం లేని వేరే దున్న వీర్యంతో ఎదకు కట్టించండి. రెండోసారి కూడా అలాంటి దూడే పుడితే అప్పుడు ఆలోచించవచ్చు. బొడ్డు హెర్నియా ఉన్న దున్నదూడ ఆపరేషన్‌తో బాగైనా దాన్ని విత్తనానికి ఉంచవద్దు. లోపం ఉన్న దూడ పుట్టిన సంగతి, వాడిన స్ట్రా నంబరుతో సహా, సూది వేసిన సిబ్బందికి చెప్పండి. అదే దున్నతో ఇంకో ఊళ్లో కూడా ఇలా జరిగి ఉంటే అప్పుడే అది బయటపడుతుంది. దాచిపెడితే ఆ నష్టం ఇంకో రైతుకు తగులుతుంది.

దూడ చనిపోతే గేదె పాలు చేపదు. చేపడానికి ఆక్సిటోసిన్ సూది రోజూ వేయడం తప్పు. వేళ తప్పకుండా, ఒకే మనిషి, గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, దాణా ముందు పెట్టి మెల్లగా నిమిరితే చాలా గేదెలు కొన్ని రోజుల్లో అలవాటు పడతాయి. ఆ కొన్ని రోజులు ఓపిక పట్టాలి.

చనిపోయిన దూడను, మాయను చేతులతో ముట్టుకోకుండా తొడుగులు వేసుకుని, లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. కాలవలో వేయవద్దు. ఆ నీళ్లే కింది ఊళ్ల పశువులు తాగుతాయి.

ఎవరిని పిలవాలి?

ముందుగా మీ ఊరి రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి, దగ్గరలోని పశువైద్యశాలకు ఫోన్ చేయండి. 2022 నుంచి నడుస్తున్న సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. పెద్ద ఆపరేషన్ అవసరమైతే గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి పంపిస్తారు. లంక గ్రామాల రైతులు, రోడ్డుకు దూరంగా చేలల్లో పాకలు ఉన్నవారు గేదె ఈనే నెల రాగానే వాహనం దొరికే నంబరు కూడా రాసి పెట్టుకోవాలి. అర్ధరాత్రి అవసరం పడితే వెతుక్కునే సమయం ఉండదు.

ఈ నంబర్లను, కట్టించిన తేదీని, ఈనే తేదీని పాక గుంజకు తగిలించిన క్యాలెండర్ మీద రాయండి. ఇంట్లో ఆడవాళ్లకూ, పిల్లలకూ చూపించండి. గేదె నొప్పులు పడే వేళ ఇంటి దగ్గర ఉండేది చాలాసార్లు వాళ్లే.